ఏడు దాటకూడదు

ఆ కాగితం మీద పదకొండు నిబంధనలున్నాయి. అన్నీ నాకు నోటికి వచ్చు. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకే. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను కాబట్టే గుర్తున్నాయి. గబగబా చదివేవాళ్లే మర్చిపోతారు.

పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. బడి నుంచి ఒక చీటీ, డాక్టరు నుంచి ఒక చీటీ, తండ్రి సంతకం కావాలి. బడి ఉన్న రోజు మూడు గంటలకు మించి పని చేయించకూడదు. పొద్దున ఏడుకు ముందు వద్దు, సాయంత్రం ఏడు దాటకూడదు. బాయిలరు దగ్గరికి, ఆవిరి దగ్గరికి, రసాయనాల దగ్గరికి పంపకూడదు. పని వేళల పట్టిక అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. మిగతావి కూడా చెప్పగలను గాని, కథకు ఇవి చాలు.

ఆ వానాకాలం మొదట్లో మా అమ్మాయి ఆ కాగితాన్ని తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"సంతకం పెట్టాలి నాన్నా. బడి అయ్యాక పనికి వెళ్తాను. నాలుగు నుంచి ఏడు దాకా."

"ఎక్కడికి?"

నీళ్ల గ్లాసు ఇటు నుంచి అటు జరిపింది. అప్పుడే నాకు అర్థమైంది ఎక్కడికో.

వాళ్లమ్మ పదకొండేళ్లు పనిచేసిన లాండ్రీకి. అంతకు ముందు చలికాలంలో ఒళ్లు పెనంలా కాలిపోతుంటే అక్కడే నిలబడి దుప్పట్లు మడతపెట్టింది మా ఆవిడ. ఎందుకింత ఆలస్యమని అడిగితే, "ఒక్క అరగంట ఉండమన్నారు" అని పడుకుంది. ఆరో రోజుకు లేదు. ఆ అరగంటను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

"ఆ గుమ్మం నువ్వు తొక్కడానికి వీల్లేదు," అన్నాను.

మా అమ్మాయి వాదించదు. వాళ్లమ్మ కూడా అంతే. వాదించే మనిషినైతే నోరు మూయించవచ్చు, వాదించనివాళ్లతోనే చిక్కు. మర్నాడు పొద్దున కంచం పక్కన కాగితం. రాత్రి కంచం పక్కన కాగితం. మూడో రోజుకు దాని మీద చారు మరక కూడా పడింది.

"నా జీతం మనకి చాలదా?"

"జీతం కోసం కాదు."

"మరి దేనికి?"

కాగితాన్ని ఇంకాస్త నా వైపు జరిపింది. వాళ్లమ్మ పోయాక ఆ పిల్ల నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. పెన్ను తీశాను.

"ఏడంటే ఏడు. ఒక్క నిమిషం దాటినా మర్నాటి నుంచి లేదు."

"సరే నాన్నా," అంది. అని, తలెత్తి గోడ గడియారం వంక చూసింది. ఎందుకు చూసిందో నేను పట్టించుకోలేదు.

నేను కాగితం మిల్లులో బాయిలరు దగ్గర పనివాణ్ణి. ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే ఆలస్యమయ్యాను, పెళ్లయిన కొత్తలో. మూడు నిమిషాలు. గేటు మూసేశారు. "రేపు రావయ్యా" అన్నాడు కాపలావాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు నేను. ఆ కాపలావాడితో, వాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆలస్యం కాలేదు. రోజూ పొద్దున్నే చేతి వాచీకి కీ ఇచ్చి, గోడ గడియారం చూసి సరిచేసుకుని బయల్దేరేవాణ్ణి.

మిల్లు సైరను మాత్రం పది నిమిషాలు వెనక మోగేది. మేనేజరు మారాక వెనక్కి జరిపారని నా లెక్క. యజమాని సైరను కదా, యజమాని మాటే వింటుంది. ఊళ్లో యజమానుల గడియారాలన్నీ అంతే. బాయిలర్లో బొగ్గు వేసేవాణ్ణి మేమంతా బొగ్గు బావ అనేవాళ్లం. వాడు నన్ను వదిలేవాడు కాదు.

"ఊరంతా తప్పు, నీ ఇంటి గోడ ఒక్కటే ఒప్పు. అయినా పొద్దున పది నిమిషాలు ఇస్తున్నారు, మధ్యాహ్నం పది తీసుకుంటున్నారు. చెల్లుకు చెల్లు కదయ్యా!"

"ఇచ్చింది నేను చూడలేదు. తీసుకున్నదే చూశాను."

"నీతో కాపురం చేసిన మహాతల్లికి దండం పెట్టాలి," అనేవాడు. ఆమె పోయాక ఆ మాట అనడం మానేశాడు.

లాండ్రీకి ఎదురుగా సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉంది. మొదటి రోజు ఆరున్నరకే వెళ్లి దాని రేకుల పంచ కింద నిలబడ్డాను. వాన దంచికొడుతోంది. గాజు తలుపులోంచి లోపలంతా కనిపిస్తోంది. ముందు బల్ల దగ్గర మా అమ్మాయి బట్టలకు నంబరు చీటీలు గుచ్చుతోంది. వెనకాల తెర, తెర వెనక ఆవిరి. బాయిలరు పనివాణ్ణి కదా, ఆవిరి ఏం చేస్తుందో నాకు తెలుసు. గొట్టానికి గింజంత చిల్లు చాలు, చర్మం ఊడొస్తుంది. ఆ తెర కదిలినప్పుడల్లా వానలోకి ఒక అడుగు ముందుకేశాను. తెర దాటి వెళ్తుందేమోనని రెప్ప వేయకుండా చూశాను. వెళ్లలేదు.

నా వాచీలో ఏడైంది. రాలేదు. ఏడూ ఐదైంది. రాలేదు. లోపల గోడ గడియారం ఏడు చూపించాక, అంటే నా వాచీలో ఏడూ పదికి, తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"పది నిమిషాలు ఎక్కువైంది."

"సంచి సర్దుకున్నాను నాన్నా."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వాళ్ల గోడ గడియారం కూడా పది నిమిషాలు వెనకే. పదకొండేళ్లు మా ఆవిడవి రోజుకు పది నిమిషాలు ఇలాగే తినేశారన్నమాట అనుకున్నాను. నేను అన్న మాట ప్రకారం రెండో రోజే మానిపించాలి. మానిపించలేదు. నోటుబుక్కు కొన్నాను. తేదీ, బయటికొచ్చిన వేళ. ఆ అరగంటకు నా దగ్గర కాగితం లేదు. ఈ పది నిమిషాలకు ఉంది.

నాకు మధ్యాహ్నం నిద్ర పట్టడం మానేసింది. రెండింటికి ఇంటికొచ్చి కూర్చుంటే నాలుగు కాదు, నాలుగైతే ఏడు కాదు. వీధిలో ఎవరు పరుగెత్తినా లాండ్రీ నుంచే వస్తున్నారనిపించేది. ఇంటికి రాగానే ఆ పిల్ల చేతులు తిప్పి తిప్పి చూసేవాణ్ణి. బొబ్బలు లేవు. సబ్బు వాసన మాత్రం ఉండేది. మా ఇంట్లో ఏడెనిమిది నెలలుగా లేని వాసన. లేచి కిటికీ తెరిచేవాణ్ణి.

ఒకరోజు అన్నం తింటూ, "అమ్మకి ఉరుములంటే భయమట, తెలుసా నాన్నా?" అంది. "ఉరిమితే దుప్పట్ల బండి వెనక దాక్కునేదట. లాండ్రీలో ఇస్త్రీ తాత చెప్పాడు."

పదహారేళ్లు కాపురం చేశాను. నాకు తెలీదు.

"పనికి వెళ్తున్నావా, కబుర్లకి వెళ్తున్నావా?"

తల దించుకుని తినేసింది. ఆ తర్వాత దుప్పటి మడిచింది. ఒక కొస గడ్డం కింద బిగబట్టి, రెండు చేతులూ బారుగా చాపి. అలా మడవడం నేను చూసింది ఒక్కరి దగ్గరే. అటు తిరిగి పడుకున్నాను.

మూడో వారంలో ఇస్త్రీ తాత గొడుగేసుకుని వీధి దాటి నా దగ్గరికొచ్చాడు. బక్కపలచటి ముసలాయన, రెండు చేతుల మీదా పాత వాతలు.

"లోపలికొచ్చి కూర్చో నాయనా. పిల్లని మేమేం కొరుక్కుతినం."

"రోజూ పది నిమిషాలు తింటున్నారుగా."

నా చేతి వంక చూశాడు. "అది వాచీయా, కత్తా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ వెనకే లాండ్రీ నడిపే ఆవిడ వచ్చింది. మా ఆవిడ ఆమెను అక్కా అనేది. అందుకని ఆమె నన్ను మరిదిగారూ అంటుంది. మా అమ్మాయికి పెద్దమ్మ. వరసలు కలపడానికి ఖర్చేముంది?

"మరిదిగారూ, తడుస్తూ ఎందుకు? టీ తాగుదురు రండి."

"నేను ఎవరికీ మరిదిని కాను. మీ గోడ మీద పట్టిక ఏం చెప్తోంది?"

"ఏడు."

"ఇప్పుడెంతైంది?"

"ఏడు."

వాచీ ఆమె ముఖం ముందు పెట్టాను. ఏడూ పది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత గుమ్మంలో సంచితో నిలబడ్డ మా అమ్మాయి వంక చూసింది. మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది, ఊపీ ఊపనట్టు. లాండ్రీ ఆవిడ ఏదో అనబోయి నోరు మూసుకుంది.

తప్పు చేసినవాళ్లకు మాట రాదు అనుకున్నాను.

ఇరవై ఆరు రోజులు రాశాక, మూడు సాయంత్రాలు కూర్చుని ఫిర్యాదు రాశాను. లేబర్ ఆఫీసులో స్వయంగా ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. విచారణకు రమ్మని మా ఇంటికీ లాండ్రీకీ ఒకేరోజు నోటీసు వచ్చింది. మా అమ్మాయి నిలబడే చదివింది.

"ఎందుకు నాన్నా?"

"చట్టం."

"ముందు నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

మళ్లీ గడియారం వంక చూసింది. "ఏం లేదు," అంది.

ఆఫీసరుకు జలుబు. చేతిరుమాలు ముక్కు నుంచి తీస్తే ఒట్టు. బల్లకు ఈ పక్క నేనూ మా అమ్మాయీ. ఆ పక్క లాండ్రీ ఆవిడ. ఆయన నా నోటుబుక్కు తిరగేశాడు.

"ఏడూ పది. ఏడూ పది. ఏడూ పదకొండు. ఏడూ పది." తలెత్తాడు. "ఎక్కువ పని చేయించేవాళ్లు ఒకరోజు పావుగంట, ఒకరోజు ముప్పావుగంట చేయిస్తారు. ఇంత పొందిగ్గా రోజూ పదేనా?"

"ఉన్నదే రాశాను."

"మీ వాచీలో ఇప్పుడెంతైంది?"

"పదకొండూ ఇరవై."

ఆయన తన వాచీ చూసుకున్నాడు. గోడ చూశాడు. గుమాస్తాను అడిగాడు. అందరికీ పదకొండూ పది. లాండ్రీ ఆవిణ్ణి అడగలేదు. ఆమె తన చేతిని కొంగులో దాచుకుని ఉంది.

"ఆఫీసు గడియారాలు," అన్నాను. "ఎవరి గడియారం వాళ్ల మాట వింటుంది."

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. రుమాలు పక్కన పెట్టి మా అమ్మాయి వైపు తిరిగాడు.

"భయపడకుండా చెప్పమ్మా. గడియారాల సంగతి మీ నాన్నకీ నాకూ తేలదు. నిన్ను ఏడు దాటాక పని చేయించారా?"

బయట చూరు నీళ్లు డబ్బా మీద పడుతున్న చప్పుడొక్కటే. మా అమ్మాయి జడ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చేయించారు సార్."

"రోజూనా?"

"రోజూ. షాపు గడియారంలోనే ఏడూ పది అయ్యేది, నేను బయటికొచ్చేసరికి."

లాండ్రీ ఆవిడ గబుక్కున తలెత్తింది. ఆమె కళ్లు మా అమ్మాయి మీద నుంచి నా మీదకి వచ్చాయి. అరుస్తుందనుకున్నాను. ఎదురు సాక్ష్యానికి ఇస్త్రీ తాతను పిలిపిస్తుందనుకున్నాను.

"పిల్ల చెప్పింది కదా," అంది. "రాసుకోండి సార్."

ఆఫీసరు రాసుకున్నాడు. జరిమానా. మా అమ్మాయి అనుమతి రద్దు. మూడేళ్లు ఆ షాపులో ఏ బడిపిల్లనూ పెట్టుకోకూడదు. రాసింది నా ముందుకు తోసి, సంతకం ఎక్కడో వేలితో చూపించాడు.

గెలిచాను. పెన్ను నా చేతిలోనే ఉంది. కాని ఇరవై ఆరు రోజులు గాజు తలుపులోంచి ఆ షాపు గడియారాన్ని చూసినవాణ్ణి నేను. మా అమ్మాయి బయటికొచ్చే వేళకు అది ఏ రోజూ ఏడు దాటలేదు. వెనక నడుస్తోందని రోజూ దాన్ని తిట్టుకున్నాను కూడా. ఈ పిల్ల ఆఫీసరు ముందు, నా పక్కనే కూర్చుని, తడుముకోకుండా అబద్ధం చెప్పింది.

"సోమవారం వచ్చి పెడతాను," అన్నాను.

"ఇప్పుడేమైంది?"

"సోమవారం."

ఇంటికి నడిచే దారిలో బ్యాంకు గడియారం చూశాను. మందుల షాపు గడియారం చూశాను. ముక్కూమొహం తెలియని ఒకాయన్ని ఆపి టైమెంతైందని అడిగాను. అందరూ కూడబలుక్కోవడానికి నేనంత పెద్దవాణ్ణి కాదని నాకు అప్పటికి తోచింది.

ఇంటికొచ్చాక తలుపు వేసి, "అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను.

గోడ గడియారం కింద నిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మ పెట్టింది నాన్నా. పది నిమిషాలు ముందుకి. నేను పుట్టక ముందు నుంచీ అంతేనట. వెనకబడుతుంటే నెలకోసారి, నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు స్టూలెక్కి సరిచేసేది. ఇప్పుడు నేను చేస్తున్నాను."

"ఎందుకు?"

"నిన్ను గేటు దగ్గర ఆపేశారు కదా ఒకసారి. మళ్లీ ఆలస్యమైతే మీ నాన్న తనని తాను క్షమించుకోడు, మనల్ని కూడా క్షమించడు అంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే ఆలస్యమైన మనిషినని నలుగురిలో చెప్పుకుంటూ తిరిగాను. మిగిలినదంతా స్టూలెక్కిన ఇంకో మనిషి చేసిన పని.

"అదే ముక్క ఆ ఆఫీసులో చెప్పొచ్చుగా. నీ పని ఉండేది."

నా వంక అర్థం కానట్టు చూసింది.

"అందరి ముందా?" అంది.

సోమవారం మిల్లుకు సెలవు పెట్టాను. ఆఫీసరుకు జలుబు తగ్గింది. "నా వాచీ తప్పు. మా అమ్మాయి నా కోసం అబద్ధం చెప్పింది. చిన్నపిల్ల, దానినేం అనకండి," అన్నాను. రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. నాలుగు వరసలకు గంట పట్టింది. ఆయన చదివి, కాగితాలన్నీ కలిపి చించేశాడు.

"అందరి టైమూ మేం చూస్తాం. మీరు మీది చూసుకోండి," అన్నాడు. అననీ. అనే హక్కుంది.

అక్కణ్ణుంచి లాండ్రీకి వెళ్లాను. గుమ్మం దాటాను. ఇస్త్రీ తాత పెట్టె పక్కన పెట్టి నన్నే చూస్తున్నాడు. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఎవరూ నేర్పలేదు, నేను నేర్చుకోలేదు.

"మా గడియారం పది నిమిషాలు ముందుంది," అన్నాను.

"తెలుసు," అంది లాండ్రీ ఆవిడ. "మీ ఆవిడ రోజూ పది నిమిషాలు ముందే వెళ్లేది. 'మా ఆయన లెక్కలో ఏడైపోయింది అక్కా' అని సంచి తగిలించుకునేది. మర్నాడు పది నిమిషాలు ముందే వచ్చి తీర్చేసేది."

"నాతో ఎందుకనలేదు, ఆ రోజు వీధిలో?"

"పిల్ల వద్దంది."

వెనక ఆవిరి బుసకొట్టింది. నేను వచ్చిన పని అయిపోయింది. అయినా కదల్లేదు.

"ఆ అరగంట?" అన్నాను.

ఏ అరగంట అని ఆమె అడగలేదు. "వెళ్లిపొమ్మని రెండుసార్లు చెప్పాను. దుప్పట్లు అయ్యాక వెళ్తానంది. చేతిలోంచి లాక్కోవాల్సింది. లాక్కోలేదు."

మా ఆవిడ నాతో చెప్పింది వేరు. కాని పదహారేళ్లు గోడ గడియారం చేత అబద్ధమాడించిన మనిషి, ఒక్క అరగంట గురించి తను కూడా ఆడి ఉండొచ్చు. నేను తిడతానని. లాండ్రీ ఆవిణ్ణి నమ్మానని అనను. నమ్మలేదని కూడా అనను.

"రేపటి నుంచి పంపిస్తాను," అని వచ్చేశాను.

మర్నాడు మిల్లు సైరను మోగినప్పుడు వాచీ పది నిమిషాలు వెనక్కి తిప్పాను. బొగ్గు బావ నోరు తెరిచి, నా ముఖం చూసి, మళ్లీ మూసుకున్నాడు. ఇంటి గోడ గడియారం మాత్రం ముట్టుకోలేదు. అది నేను తిప్పాల్సింది కాదు.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. సరిగ్గా ఏడు చూసుకుని లాండ్రీ వీధి మలుపు తిరిగాను. మా అమ్మాయి అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో సంచి, పక్కన గొడుగు. కూర్చుని చాలాసేపైనట్టుంది.

"పెద్దమ్మ ఆరూ యాభైకే వెళ్లిపొమ్మంది. అమ్మ వేళ అట," అని లేచింది. "నువ్వే ఆలస్యంగా వచ్చావు నాన్నా."

వాచీ చూసుకున్నాను. గేటు ముందు నిలబడ్డ ఆ రోజు లాగే నిలబడిపోయాను.

"పర్లేదులే," అంది, సంచి భుజానికి తగిలించుకుంటూ.

ఆ మాట నేను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఎలా అంటారో ఆ రోజు విన్నాను.